రాయలసీమ ఇళ్ళలో వేడినీళ్ళు: పొయ్యి, బాయిలర్, ఎంపిక

కర్నూలు, కడప ప్రాంతాల్లో గదులను వెచ్చబెట్టాల్సిన అవసరం ఏ నెలలోనూ రాదు. ఇంట్లో నిప్పుతో పడే పనులు ప్రధానంగా రెండు: వంట, వేడినీళ్ళు. ఈ రెండూ ఒకే పొయ్యి మీద జరగడం పాత పద్ధతి. నీళ్ళకు విడిగా రాగి బాయిలరో, గీజరో, సోలార్ హీటరో పెట్టుకోవడం తర్వాత వచ్చిన పద్ధతి. ఏది మేలన్నది ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఏ పూట స్నానం చేస్తారు, ఏ ఇంధనం చేతికి అందుతుంది, నీళ్ళలో సున్నం పాలెంత అన్న వాటిని బట్టి తేలుతుంది. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇక్కడి ఎండ. ఏడాదిలో ఎక్కువ భాగం ఇంట్లో చేరిన వేడి బయటికి పోవాలనే జనం కోరుకునే సీమ ఇది. అందుకే నీళ్ళు కాచే నిప్పు ఇంటి బయట ఉండడం ఇక్కడ మొదటి నియమం.

వాతావరణం, అవసరం

ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ నెలల్లో మిద్దె మీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికే వేడెక్కిపోతాయి. సాయంత్రం కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్ళే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటుంది. రాత్రంతా ట్యాంకులో ఉన్న నీళ్ళు అప్పుడు చల్లబడి ఉంటాయి. అదే సమయంలో బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. భూగర్భజలం ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా నిలకడగా ఉండడమే దీనికి కారణం. తెల్లవారుజామున బోరు మోటారు వేసి ఆ నీళ్ళనే కాచుకుంటే కట్టె గానీ కరెంటు గానీ కొంత మిగులుతుంది.

మొత్తం మీద ఇంటిల్లిపాదికీ వేడినీళ్ళు కావాల్సిన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. పసిపిల్లలకు, బాలింతలకు, ముసలివాళ్ళకు, జబ్బు చేసినవాళ్ళకు మాత్రం ఏ కాలమైనా కావాలి. దీపావళి, సంక్రాంతి, ఉగాది తలంట్లకు ఒకే ఉదయం ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగాలి. రోజూ కావాల్సింది కొంచెం, పండగ పూట కావాల్సింది ఎక్కువ అన్న ఈ తేడాను ఏ సాధనమైనా తట్టుకోవాలి.

ఎంత వేడి కావాలి

లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళ శక్తి పడుతుంది. అయిదుగురున్న ఇంట్లో మనిషికి ఒక బకెట్ చొప్పున, బకెట్‌కు 20 లీటర్ల లెక్కన, 100 లీటర్లు కావాలి. 22 డిగ్రీల నీళ్ళను స్నానానికి హాయిగా ఉండే 42 డిగ్రీలకు తేవాలంటే 8.4 మెగాజౌళ్ళు, అంటే 2.3 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి నీళ్ళలోకి చేరాలి. సాధనం ఏదైనా ఈ మొత్తం మారదు. మారేది దారిలో వృథా అయ్యే వేడి.

మామూలు మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో గిన్నెకు చేరేది ఎనిమిదో వంతు లోపే అనుకోవచ్చు. కిలో ఎండు కట్టెకు 15 మెగాజౌళ్ళ లెక్కన ఈ నీళ్ళకు నాలుగున్నర నుంచి అయిదు కిలోల కట్టెలు కాలుతాయి. నాలుగో వంతు వేడి అందించే మెరుగైన పొయ్యికి రెండుంపావు కిలోలు చాలు. కిరసనాయిలు స్టవ్వు మీద సగం వేడి నీళ్ళకు చేరితే దాదాపు అర లీటరు నూనె ఖర్చవుతుంది. గ్యాస్ పొయ్యి మీద సుమారు 300 గ్రాములు, గ్యాస్ గీజర్‌లో 230 గ్రాముల గ్యాసు పడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ మొత్తం స్నానాలకే వాడితే పొయ్యి మీద నెలా పదిహేను రోజులు, గీజర్‌తో రెండు నెలలు వస్తుంది. కరెంటు హీటర్‌కు రెండున్నర యూనిట్ల లోపు సరిపోతుంది.

పొయ్యి మీద కాగు

సీమ పల్లెల్లో నీళ్ళు కాచే పాత్రను కాగు అంటారు. మట్టిదో, రాగిదో, ఇత్తడిదో, తర్వాత అల్యూమినియందో అయిన ఈ పెద్ద పాత్రను దొడ్లో మూడు రాళ్ళ మీద గానీ, మట్టితో కట్టిన పొయ్యి మీద గానీ ఎత్తుతారు. కొన్ని ఇళ్ళలో కాగును పొయ్యిలోనే మెడ దాకా కూర్చి, చుట్టూ మట్టి మెత్తి కదలకుండా చేస్తారు. మంట అడుగుకే కాక పక్కలకూ తగులుతుంది కాబట్టి నీళ్ళు త్వరగా కాగుతాయి. మందపాటి మట్టి చుట్టూ ఉండడంతో నిప్పు ఆరాక కూడా కాసేపు వేడి నిలుస్తుంది.

వంటింట్లో రెండు పనులూ ఒకే మంటతో జరిపే ఏర్పాటు కోడిపొయ్యి. పెద్ద పొయ్యి పక్కనే చిన్న పొయ్యి కట్టి, రెండింటినీ లోపల ఒక సొరంగంతో కలుపుతారు. అన్నం ఉడికే మంట వేడి సొరంగం గుండా వచ్చి పక్క పొయ్యి మీది పాలనో, నీళ్ళనో కాస్తుంది. దీనికి విడిగా కట్టె పెట్టాల్సిన పని లేదు. అయితే కోడిపొయ్యి మీద కాగేది ఒక చెంబో, చిన్న గిన్నెడో. ఇంటిల్లిపాది స్నానాలకు అది చాలదు.

ఇదే ఆలోచనను శాస్త్రీయంగా పెంచిన ప్రయత్నం హైదరాబాద్‌లో జరిగింది. 1950ల తొలినాళ్ళలో హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు పొగలేని పొయ్యిని రూపొందించారు. ఒకే నిప్పు గూటి నుంచి బయల్దేరిన వేడిగాలి వరసగా కొన్ని గిన్నెల కింది నుంచి సాగి, చివర పొగగొట్టం గుండా ఇంటి బయటికి పోయేలా మట్టితో దాన్ని కట్టేవారు. ఇలాంటి పొయ్యిల్లో పొగగొట్టానికి దగ్గరగా ఉన్న గిన్నె వంటకు సరిపోయేంత వేడెక్కదు. నీళ్ళకు మాత్రం అది సరైన చోటు. ఇలాంటి పొయ్యిలను ఇళ్ళకు చేర్చడానికి 1980ల నుంచి 2002 దాకా మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం దేశమంతటా సాగింది. గొట్టంలో మసి పేరుకున్నా, గిన్నె పొయ్యి నోటికి సరిగా అమరకపోయినా పొగ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. మసి దులపడం, పగుళ్ళకు మట్టి పూయడం సాగినంత కాలమే ఈ పొయ్యిల మేలు అందుతుంది.

చలిదేశాల్లో ఈ జోడు పని పద్ధతి మరోలా ఎదిగింది. స్వీడన్‌కు చెందిన నోబెల్ బహుమతి గ్రహీత గుస్తాఫ్ డాలెన్ 1922లో రూపొందించిన ఆగా పొయ్యి మందపాటి పోత ఇనుముతో తయారై, రాత్రింబవళ్ళు ఆరకుండా వెచ్చగా ఉంటుంది. మొదట బొగ్గుతో, తర్వాత నూనెతోనూ నడిచిన ఆ తరహా పొయ్యిలు వంట చేస్తాయి, వంటగదిని వెచ్చబెడతాయి, కొన్ని రకాలు నీళ్ళు కూడా కాస్తాయి. అక్కడ పొయ్యి ఒంటి నుంచి గదిలోకి జారే వేడి లాభం. కర్నూలులో ఏప్రిల్ నెలలో అదే వేడి వంట చేసే మనిషికి శిక్ష. అందుకే నూనె పొయ్యితోనే నీళ్ళు కాచుకోవాలా, విడిగా బాయిలర్ పెట్టాలా అన్న ప్రశ్నకు చలిదేశాల్లో వచ్చే జవాబు ఇక్కడికి పనికిరాదు. వంట పొయ్యితోనే నీళ్ళూ కాచుకోవడం చలిదేశంలో పొదుపు. ఎండసీమలో, అందులోనూ కప్పు కిందికి ఉన్న వంటింట్లో, అది ఉక్కను పెంచుతుంది.

సీమ మిద్దెల్లో దూలాల మీద దంతెలు పరిచి, ఆపైన మట్టి, చవుడు కప్పుతారు. పొగ పోవడానికి, వెలుగు రావడానికి కప్పులో గవాక్షి వదులుతారు. వంట పొగకే ఆ ఒక్క కన్నం చాలదు. నీళ్ళ పొయ్యి పొగ కూడా తోడైతే వంట చేసే ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. నీళ్ళ కాగు దొడ్లోకి, స్నానపు బండ పక్కకు చేరడానికి ఇదీ ఒక కారణం.

రాగి బాయిలర్

ఇళ్ళలో బాయిలర్ అని పిలిచేది ఆవిరి పుట్టించే యంత్రం కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి భారత బాయిలర్ల చట్టం ఉద్దేశించింది ఒత్తిడితో ఆవిరి తయారుచేసే పాత్రలను. ఇంటి బాయిలర్ మూత తెరుచుకునే, ఒత్తిడి లేని నీళ్ళ పాత్ర మాత్రమే.

దీని కట్టడం ఇలా ఉంటుంది. నిలువుగా ఉన్న రాగి పీపా నడిమధ్య పైనుంచి కింది దాకా ఒక గొట్టం సాగుతుంది. గొట్టం అడుగున ఇనుప జల్లెడ, దాని కింద బూడిద రాలే పళ్ళెం ఉంటాయి. జల్లెడ మీద బొగ్గులో, సన్నగా చీల్చిన కట్టెలో, కొబ్బరి చిప్పలో వేసి అంటిస్తారు. గొట్టంలో వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే, కింద జల్లెడ గుండా కొత్త గాలి లాక్కుంటుంది. నిప్పు చుట్టూ అన్ని వైపులా నీళ్ళే ఉండడంతో బయటికి పోయే వేడి తగ్గుతుంది. ఆరుబయటి పొయ్యి కంటే బాయిలర్ తక్కువ కట్టెతో నీళ్ళు కాచడానికి కారణం ఇదే. రాగి వేడిని బాగా ప్రసరింపజేస్తుంది. ఆ గుణంలో అది మామూలు ఉక్కుకు ఎన్నో రెట్లు మిన్న.

మంచి బాయిలర్‌లో చన్నీళ్ళు పోసే గరాటు గొట్టం పీపా అడుగు దాకా దిగుతుంది, వేడినీళ్ళు వచ్చే కొమ్ము పైభాగాన ఉంటుంది. గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే, అవి అడుగున చేరి, పైన తేలిన వేడినీళ్ళను అంతే కొలతలో కొమ్ము గుండా బకెట్లోకి నెడతాయి. ఈ అమరికతో పీపా ఎప్పుడూ ఖాళీ కాదు. కుళాయి అడుగున ఉన్న రకాల్లో మాత్రం నీళ్ళన్నీ పట్టేసుకుని నిప్పు అలాగే వదిలేస్తే, అతుకుల్లోని మాటు కరిగి పీపా కారుతుంది. ఏ రకమైనా ముందు నీళ్ళు, తర్వాత నిప్పు అన్న వరస తప్పకూడదు.

పండగ పూట బాయిలర్ విలువ తెలుస్తుంది. ఒకరి తర్వాత ఒకరు స్నానానికి వెళ్తుంటే, ఒక పక్క నీళ్ళు పోస్తూ, మరో పక్క నాలుగు పుల్లలు వేస్తూ ఉంటే చాలు. గీజర్‌లో లాగా ట్యాంకు అయిపోయిందని ఆగే పని లేదు.

వంటచెరకు

కర్నూలు, నంద్యాల, కోవెలకుంట్ల చుట్టూ ఉన్న నల్లరేగడి పొలాల్లో పత్తి, కంది, శనగ పండుతాయి. డోన్, పత్తికొండ, రాయచోటి వైపు ఎర్ర నేలల్లో వేరుశనగ పండుతుంది. పంట ఎత్తాక మిగిలిన పత్తికట్టె, కందికట్టె దొడ్లో మోపులుగా చేరతాయి. ఇవి త్వరగా అంటుకుని భగ్గున మండి త్వరగా ఆరిపోతాయి. నీళ్ళు త్వరగా కాగాలంటే కందికట్టె మంచిదే గానీ, పక్కనే కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. చెరువు గట్లూ బీళ్ళూ ఆక్రమించిన సర్కారు తుమ్మ కంప నిలకడగా కాలి గట్టి బొగ్గునిస్తుంది. బాయిలర్‌కు ఇదే సరైన కట్టె. ముళ్ళు కొట్టడం, ముక్కలు చేయడం మాత్రం శ్రమ.

వేరుశనగ పొట్టు తేలికగా ఉండి గాలాడక పొగ పెడుతుంది. దాన్ని పొట్టు పొయ్యిలో వాడాలి. రేకు డబ్బా నడుమ ఒక గుండ్రటి కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టంగా కూరి, కర్ర లాగేస్తే మధ్యలో బొర్ర మిగులుతుంది. అడుగున అంటిస్తే బొర్ర గోడల వెంట పొట్టు నెమ్మదిగా కాలుతుంది. వదులుగా కూరితే పొట్టు కూలి మంట ఆరిపోతుంది. ఇంధనం ఏదైనా బాగా ఎండి ఉండాలి. పచ్చికట్టెలో వేడి తనలోని తడి ఆర్చుకోవడానికే పోతుంది.

కిరసనాయిలు, గ్యాసు

చమురుతో నీళ్ళు కాచుకోవడమంటే ఇక్కడ వత్తుల స్టవ్వు, పంపు స్టవ్వు. పంపు స్టవ్వుకు మూలం 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్. గాలి ఒత్తిడితో నూనె వేడి గొట్టంలో ఆవిరై నీలి మంటగా మండుతుంది. రేషన్ కిరసనాయిలు దొరికిన రోజుల్లో పట్టణాల ఇరుకు ఇళ్ళలో వంటకూ నీళ్ళకూ ఇదే దిక్కు. బకెట్ నీళ్ళకు పావుగంటకు పైగా పట్టడం, వాసన, నూనె ఒలికి అంటుకునే ప్రమాదం దీని లోపాలు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం పేద ఇళ్ళకు గ్యాసు చేర్చాక కిరసనాయిలు వెనక్కు తగ్గింది. అయినా గ్యాసు వచ్చిన ఎన్నో పల్లె ఇళ్ళలో నీళ్ళు మాత్రం దొడ్లో కట్టెల మీదే కాగుతాయి. సిలిండర్‌ను వంటకు మిగుల్చుకోవాలన్న లెక్క అది.

గ్యాస్ గీజర్ కుళాయి తిప్పగానే వేడినీళ్ళిస్తుంది, కరెంటు కోతతో పని లేదు. దాని ప్రమాదం ప్రాణాంతకం. తలుపులు మూసిన చిన్న స్నానాల గదిలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. స్నానం చేసే మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. గీజర్‌ను స్నానాల గది బయట, గాలాడే చోట బిగించి, నీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి తేవాలి. బొగ్గుల కుంపటికీ, రాగి బాయిలర్‌కూ ఇదే నియమం.

విద్యుత్ సాధనాలు

అన్నిటికంటే చవకగా దొరికేది హీటర్ రాడ్. 1.5 కిలోవాట్ల రాడ్ ఒక బకెట్ నీళ్ళను ఇరవై నిమిషాల లోపు స్నానానికి సిద్ధం చేస్తుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసేదాకా బకెట్లో వేలు పెట్టకూడదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని వాడకపోవడమే మేలు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నిమిషానికి రెండు లీటర్లకు కాస్త ఎక్కువగా, 20 డిగ్రీల మేర వేడెక్కించి ఇస్తుంది. బకెట్ నిండడానికి తొమ్మిది నిమిషాలు పైనే. 15 లీటర్ల నిల్వ గీజర్ 2 కిలోవాట్లతో ఇరవై నిమిషాల్లో 60 డిగ్రీలకు చేరుతుంది. ఆ నీళ్ళకు చన్నీళ్ళు కలిపితే బకెట్టున్నర వస్తుంది. మధ్యలో మళ్ళీ కాగనిస్తే ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఇది చాలు. రోజంతా వేసి ఉంచితే కాగిన నీళ్ళ వేడి గోడల గుండా పోతూనే ఉంటుంది కాబట్టి, అవసరానికి అరగంట ముందు వేసి, తర్వాత ఆపేయాలి.

ఎండిన రాతి నేలల్లో ఎర్తింగ్ బలహీనపడడం సీమలో ముఖ్యమైన సమస్య. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ పెట్టించడం ప్రాణరక్షణ.

సౌర హీటర్

ఎండ ఈ ప్రాంతపు పెద్ద ఇంధనం. పాణ్యం దగ్గర 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అదే ఎండ ఇంటి మీద కూడా కాస్తుంది. చదరపు మీటరు మీద రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడితే, రెండు చదరపు మీటర్ల పలక దానిలో సగం కన్నా కాస్త తక్కువ పట్టుకున్నా, 100 లీటర్ల నీళ్ళు దాదాపు 40 డిగ్రీలు వేడెక్కుతాయి. అయిదుగురి అవసరానికి ఇది రెట్టింపు.

పలకలో వేడెక్కిన నీళ్ళు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు అడుగు చన్నీళ్ళు పలకలోకి దిగుతాయి. పంపు అక్కర్లేదు. పలక దక్షిణం వైపు చూడాలి. చలికాలపు ఎండ తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి, కర్నూలు, కడప అక్షాంశాలకు 25 నుంచి 30 డిగ్రీల వాలు సరిపోతుంది. సాయంత్రం కాగిన నీళ్ళు తెల్లవారేదాకా నిలవాలంటే ట్యాంకు చుట్టూ మంచి ఇన్సులేషన్ ఉండాలి. చవుడు కప్పిన పాత మిద్దె మీద ఈ బరువు మోపడం, కప్పుకు రంధ్రాలు వేయడం మంచిది కాదు. బరువు గోడల మీద పడేలా ఇనుప స్టాండు వేయించాలి, లేదా నేల మీదే ఎండ తగిలే చోట పెట్టాలి. ముసురు పట్టిన రోజులకు ఒక రాడ్డో, దొడ్లో పొయ్యో ఉండాల్సిందే.

సున్నపు నీళ్ళు

కడప, కర్నూలు నేలల అడుగున సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నాపరాయి, సిమెంటు పరిశ్రమ ఆ పొరల నుంచే వచ్చాయి. ఆ రాళ్ళ గుండా దిగిన బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి. వేడి చేయగానే కరిగి ఉన్న సున్నం విడిపోయి పాత్ర గోడలకు, హీటర్ చుట్టకు తెల్లటి పెచ్చుగా అంటుకుంటుంది. పెచ్చు వేడిని అడ్డుకుంటుంది. కరెంటు చుట్ట లోలోపలే మాడి కాలిపోతుంది, సోలార్ పలకలోని సన్నని రాగి గొట్టాలు పూడుకుపోతాయి. నీళ్ళు ఎంత వేడెక్కితే పెచ్చు అంత ఎక్కువగా కడుతుంది కాబట్టి గీజర్‌ను 50, 55 డిగ్రీల దగ్గర ఉంచడం మేలు. సోలార్‌లో అయితే సన్నని గొట్టాల పలక కంటే గాజు గొట్టాల రకం సున్నపు నీళ్ళకు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ విషయంలో కాగుకు ఒక సౌకర్యం ఉంది. మూతి వెడల్పు కాబట్టి చేయి పెట్టి తోమవచ్చు. చింతపండు రసంలోని ఆమ్లం సున్నపు పెచ్చును కరిగిస్తుంది, రాగి చిలుమునూ పోగొడుతుంది. ఆ పని కడప బండ మీద చేయకూడదు. ఆ బండ కూడా సున్నపురాయే కావడంతో చింతపండు పులుసు పడిన చోట నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. నేరుగా బండ మీద పొయ్యి పెట్టినా వేడికి బండ చిట్లుతుంది. కింద ఇటుకలు పేర్చి మట్టి మెత్తాలి.

ఎంపిక

పొలం ఉండి, కందికట్టె, కంప దొరికే పల్లె ఇంటికి దొడ్లో పొగగొట్టంతో కట్టిన కాగు పొయ్యి, లేదా రాగి బాయిలర్ సరైనవి. కొనే కట్టె మీద ఆధారపడితే ఆరుబయటి పొయ్యి కంటే బాయిలరే పొదుపు. వంటింటి పొయ్యి మీద నీళ్ళు కాచడం చంటిబిడ్డ స్నానం వంటి చిన్న అవసరాలకే తగుతుంది. సొంత మిద్దె, మెత్తటి నీళ్ళు, ఎక్కువమంది ఉన్న పట్టణపు ఇంటికి సోలార్ హీటర్‌ను మించింది లేదు. అద్దె ఇళ్ళకు, అపార్ట్‌మెంట్లకు చిన్న నిల్వ గీజర్ చాలు. ఏడాదిలో మూడు నెలల వాడకానికి పెద్ద గీజర్ కొనడం వృథా. గ్యాస్ గీజర్‌ను గాలాడే చోట బిగించే వీలుంటేనే ఎంచుకోవాలి. బోరు నీళ్ళు బాగా కఠినమైన ఊళ్ళలో సులువుగా విప్పి తోమగలిగే సాధనానికి మొదటి స్థానం ఇవ్వాలి. ఇవన్నీ చూసుకున్నాక, వంట చేసే మనిషికి పొగ, ఉక్క తగ్గించే ఏర్పాటు ఏదో దానికే చివరి మొగ్గు చూపాలి.